కుటుంబంతో క్రిస్మస్: విడిది గదిలో చోటెవరికి?

డిసెంబరు రాగానే మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లోని ఆఫీసు భవనాల ముంగిళ్లలో క్రిస్మస్ చెట్లు నిలబడతాయి. మాల్స్‌లో దూది మంచు కురుస్తుంది. ఎవరు ఎవరికి కానుక ఇస్తున్నారో తెలియకుండా చీటీలు తీసి ఆడే ‘సీక్రెట్ శాంటా’లో క్రైస్తవులు కాని ఉద్యోగులే ఎక్కువ ఉత్సాహంగా పాల్గొంటారు. సంతోషమే! ఒక్క సంఘమూ ఖాళీగా ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రాత్రులు, సండే స్కూల్ పిల్లల నాటికల రిహార్సల్స్‌తో నెలంతా సందడిగా గడిచిపోతుంది. ఈ సందడిలో అందరి నోటా వినిపించే మాట ఒకటుంది. ‘క్రిస్మస్ అంటే కుటుంబంతో కలిసి చేసుకునే పండుగ’ అని.

అయితే ఈ ఐటీ ప్రాంతంలో సేవ చేస్తున్న మాకు అదే నెలలో వచ్చే ప్రార్థన విన్నపాల తీరు వేరుగా ఉంటుంది. ‘అయ్యగారూ, 24, 25 తేదీల్లో సెలవు దొరికేలా ప్రార్థన చేయండి’ అంటాడు ఒక తమ్ముడు. ‘లింగంపల్లిలో రైలెక్కితే తెల్లారేసరికి అమ్మ దగ్గరుంటాను, కానీ టికెట్ ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది’ అంటుంది ఒక చెల్లెలు. ‘మా ఆయనది అమెరికా ప్రాజెక్టు, రాత్రంతా పనిచేసి పండుగ పగలంతా నిద్రపోతారు, పిల్లల్ని తీసుకుని నేనొక్కదాన్నే ఆరాధనకు వస్తాను’ అంటుంది మరొక సహోదరి. ఉద్యోగం రావాలని ప్రార్థించమని అడిగిన తరాన్ని చూశాం. వచ్చిన ఉద్యోగం నుండి ఒక్కరోజు విడుదల కోసం ప్రార్థించమని అడిగే తరాన్ని ఇప్పుడు చూస్తున్నాం.

సంక్రాంతికైతే విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతాయి, ఆఫీసులు సగం ఖాళీ అవుతాయి. క్రిస్మస్‌కు ఆ వెసులుబాటు ఉండదు. తెలంగాణ ప్రభుత్వం డిసెంబరు 26ను కూడా సాధారణ సెలవుగా ప్రకటిస్తూ వస్తున్నా, చాలా కంపెనీల పట్టికలో ఉండేది 25 ఒక్కటే. ఒక్కరోజులో భీమవరం వెళ్లి రావడం, చీరాల వెళ్లి రావడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుసు. వెళ్లలేకపోయినవాళ్లు ఆ రోజంతా ఏదో నేరం చేసినట్టు కుమిలిపోతారు. మరి కుటుంబంతో కలిసి లేని క్రిస్మస్ క్రిస్మస్ కాదా? అసలు కుటుంబమంటే దేవుని వాక్యం ఎవరిని లెక్కపెడుతోంది?

చరిత్ర చూస్తే ‘కుటుంబ పండుగ’ అన్న మాట మనం అనుకున్నంత పాతది కాదు. రోమా నగరంలో క్రీ.శ. 336 నాటికి డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని ఆచరించినట్టు ఆధారముంది. అది సంఘమంతా కలిసి చేసే ఆరాధనే. ఆ తరువాత శతాబ్దాల్లో ఇది వీధుల్లో తిని తాగి ఊరేగే పండుగగా కూడా మారింది. అది చూసి మండిపడిన ప్యూరిటన్లు 1647లో ఇంగ్లండులో ఏకంగా క్రిస్మస్‌నే రద్దు చేయించారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుండి 1681 వరకు క్రిస్మస్ చేసుకున్నవారికి జరిమానా ఉండేది! డికెన్స్ ‘క్రిస్మస్ కేరల్’ 1843లో వచ్చింది. విక్టోరియా మహారాణి భర్తాపిల్లలతో క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మను 1848లో లండన్ పత్రిక అచ్చువేసింది. అమ్మ, నాన్న, పిల్లలు, చెట్టు, కానుకలు అన్న చిత్రం జనం మనసుల్లో స్థిరపడింది ఆ కాలంలోనే. అంటే ఈ రోజు ప్రకటనల్లో కనిపించే కుటుంబ క్రిస్మస్ వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. అది చెడ్డదని మేము అనడం లేదు. దానికి బేత్లెహేము ముద్ర వేయడానికే మాకు అభ్యంతరం.

మన తెలుగు పల్లెల్లో అయితే క్రిస్మస్ నాలుగు గోడల మధ్య పండుగగా ఎన్నడూ లేదు. గోదావరి జిల్లాల్లోనో, పల్నాడులోనో, నల్గొండ పల్లెల్లోనో పెరిగిన మా వయసు వాళ్లకిది బాగా గుర్తుంటుంది. వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికించి చేసిన నక్షత్రం, చలిలో దుప్పట్లు కప్పుకుని ఇంటింటికీ తిరిగే పాటల బృందం, కోడి కూయకముందే మందిరం గంట, ఆరాధన ముగిశాక పేట అంతటికీ కలిపి పెద్ద గుండిగల్లో వండిన ప్రేమవిందు. ఆ పూట ‘మా కుటుంబం వేరుగా తింటుంది’ అన్నవాడు లేడు. దీనికి పేదరికం కూడా ఒక కారణమే. గతాన్ని మరీ బంగారం చేసి చెప్పనక్కరలేదు. విడిగా పొయ్యి పెట్టి మాంసం వండుకునే స్తోమత చాలా ఇళ్లకు లేదు. అయినా, లేమిలోనైనా సరే, పండుగ రోజు ఒంటరిగా మిగిలిపోయినవాడు మాత్రం ఊళ్లో ఉండేవాడు కాదు.

హైదరాబాదుకు వంద కిలోమీటర్ల దూరంలోని మెదక్‌లో ఇప్పటికీ ఆ ఛాయలు చూడవచ్చు. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువుతో అలమటిస్తున్న జనానికి పని, తిండి చూపిస్తూ కట్టిన ఆ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కు దానికి నూరేళ్లు నిండాయి. ఏటా ముందురోజు రాత్రికే పల్లెల నుండి కుటుంబాలు ముసలివాళ్లతో, చంటిపిల్లలతో వచ్చి చెట్ల కింద వండుకుని, పక్కన కూర్చున్నవాళ్లకు పెట్టి తింటాయి. ఆ పక్కవాళ్లు చుట్టాలా, కాదా అని ఎవరూ అడగరు. ఆకలి తీర్చడం కోసం పుట్టిన మందిరం ఆవరణలో అది సహజంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు లేఖనాల దగ్గరికి వద్దాం. లూకా సువార్త 2వ అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. కాని అది ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలవుతుందన్న సంగతిని గమనించం. కైసరు ఔగుస్తు జనసంఖ్య రాయించమన్నాడు. ఆ ఆజ్ఞ మూలంగా యోసేపు నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని నజరేతు నుండి బేత్లెహేముకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చింది. ఎక్కడో రోములో కూర్చున్నవాడు పెట్టిన తేదీకి ఇక్కడ ఒక సామాన్య కుటుంబం తమ ప్రసవాన్ని, ప్రయాణాన్ని సర్దుకోవాల్సి వచ్చింది. ఎక్కడో డాలస్‌లో, లండన్‌లో నిర్ణయమైన గడువుకు ఇక్కడ తమ పండుగను సర్దుకునే మన పిల్లలకు ఈ బాధను వేరే విడమరచి చెప్పాలా?

వాళ్లకు సత్రంలో స్థలం దొరకలేదని మన తెలుగు బైబిల్లో చదువుతాం. వెంటనే నాటికలో తలుపు మూసేసే సత్రం యజమాని పాత్ర కళ్ల ముందు మెదులుతుంది. ప్రతి ఏడూ ఆ పాత్ర వేసే పిల్లవాడు పాపం కటువుగా మాట్లాడలేక తంటాలు పడతాడు. నిజానికి లూకా సువార్తలో ఆ యజమాని ఎక్కడా లేడు! అక్కడ లూకా వాడిన గ్రీకు మాట ‘కటలూమ’. అదే మాటను ఆయన 22వ అధ్యాయం 11వ వచనంలో మళ్లీ వాడాడు. ప్రభువు శిష్యులతో పస్కా భుజించిన గది అది. అక్కడ మన అనువాదకులు చక్కగా ‘విడిది గది’ అని రాశారు. డబ్బు పుచ్చుకుని బస ఇచ్చే చోటు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు, అంటే 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథలో, లూకా పూర్తిగా వేరే మాట వాడాడు. దాన్ని మనవాళ్లు ‘పూటకూళ్లవాని ఇల్లు’ అన్నారు. కాబట్టి బేత్లెహేములో నిండిపోయింది ఏ పూటకూళ్ల ఇల్లో కాదు, విడిది గది!

విడిది అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెళ్లికి తరలివచ్చిన చుట్టాల కోసం సిద్ధం చేసేది విడిది. బేత్లెహేము యోసేపు వంశస్థుల సొంత ఊరు. జనసంఖ్య కోసం బంధువులంతా దిగారు. ఏ పెదనాన్న ఇంట్లోనో విడిది గది అప్పటికే నిండిపోయింది. మరి ఆ ఇంటివాళ్లేం చేసి ఉంటారు? ఈజిప్టు, లెబనాను, యెరూషలేములలో 40 ఏళ్లు క్రొత్త నిబంధన బోధించిన కెన్నెత్ బెయిలీ అనే వేదపండితుడు దీన్ని విపులంగా రాశారు. ఆ దేశపు పల్లెటూరి ఇళ్లలో మనుషులుండే గదికి ఆనుకునే, కాస్త పల్లంలో, రాత్రివేళ పశువులను కట్టేస్తారు. మనుషుల గది అంచునే పశువుల తొట్టెలుంటాయి. అంటే విడిది నిండిపోతే ఆ కుటుంబం తాము పడుకునే గదిలోనే కాస్త సర్దుకుని ఈ దంపతులకు చోటిచ్చిందన్నమాట. పండితుల్లో దీనిపై వాదాలున్నాయి, ఉంటాయి. మాకు మాత్రం ఈ వివరణే బలంగా తోస్తుంది. జ్ఞానులు వచ్చినప్పుడు ‘ఇంటిలోకి’ ప్రవేశించి శిశువును చూశారనే కదా మత్తయి రాశాడు (2:11)!

ఈ చిన్న భాషా సంగతి మా ఆలోచనను చాలా మార్చింది. మొదటి క్రిస్మస్ తలుపు మూసినవాళ్ల కథ అనుకుంటే మనం ఆ సత్రం యజమానిని నిందించి చేతులు దులుపుకోవచ్చు. ఇరుకింట్లో సర్దుకుని చోటిచ్చినవాళ్ల కథ అనుకుంటే మన మూడు పడక గదుల ఫ్లాటు మనల్ని అడుగుతుంది. కొండాపూర్‌లో, కోకాపేటలో బ్రోచర్లు చూసి కొనుక్కున్న ప్రతి ఫ్లాటులోనూ ఒక ‘గెస్ట్ బెడ్‌రూమ్’ ఉంటుంది. అందులో ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు, నడవని ట్రెడ్‌మిల్, ఖాళీ అట్టపెట్టెలు ఉంటాయి. ఆ గదిలో చివరిసారి ఎవరు పడుకున్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

మొదట తల్లిదండ్రుల మాట. సైబర్ టవర్స్‌ను 1998లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ రోజుల్లో పాతికేళ్ల వయసులో ఇక్కడ ఉద్యోగంలో చేరిన యువకుడు ఇప్పుడు యాభై దాటాడు. అతణ్ణి బస్సెక్కించి, ప్రార్థన చేసి పంపిన తల్లిదండ్రులకు ఇప్పుడు ఎనభై అటూ ఇటూ. వాళ్లతో కలిసి చేసుకోగల క్రిస్మస్‌లు ఇంకెన్ని ఉన్నాయో లెక్క వేసుకుంటే వేళ్లు చాలు. ఈ మాట భయపెట్టడానికి అనడం లేదు. ఏటా జనవరిలో ‘మొన్న క్రిస్మస్‌కు వస్తానని చెప్పి వెళ్లలేదయ్యగారూ’ అంటూ భూస్థాపన కార్యక్రమం ముగించుకుని వచ్చేవాళ్లు మా సంఘంలో ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు.

డబ్బు పంపుతున్నాం కదా అంటారు కొందరు. నిజమే, ఫోనులో క్షణంలో వెళ్తుంది. మరికొందరు మందిరానికి, సువార్త పనికి ధారాళంగా ఇస్తారు, ఊళ్లో తల్లి కంటి ఆపరేషన్ మాత్రం ‘చూద్దాంలే’ అని వాయిదా పడుతూ ఉంటుంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు ఎవరిమీద మండిపడ్డాడో చదవండి. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పించేశానని చెప్పి తప్పించుకున్న భక్తిపరుల మీద! ఒక పాదిరి ఈ మాట రాస్తే కానుకల పెట్టె తేలికవుతుందని కొందరు నవ్వుకోవచ్చు. తేలికైనా ఫరవాలేదు, ఆ తల్లికి చూపు రావాలి.

కరోనా కాలం దీనికి ఒక వింత పరీక్ష పెట్టింది. 2020, 2021 సంవత్సరాల్లో వేలాదిమంది ఐటీ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సొంత ఊళ్లకు చేరారు. పిల్లలు ఏళ్ల తరువాత క్రిస్మస్‌కు ఇంట్లోనే ఉన్నారని తల్లులు మురిసిపోయారు. అప్పుడు మాతో ఫోనులో మాట్లాడిన ఒక తల్లి మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. ‘బాబు ఇంట్లోనే ఉన్నాడయ్యగారూ, కానీ కనబడ్డంలేదు!’ మేడమీద గదిలో తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, అన్నం కంచం కూడా గుమ్మం దగ్గరే అందుకున్నాడట. ఇంట్లో ఉండడం వేరు, ఇంటివారితో ఉండడం వేరు అని ఆ తల్లి ఒక్క వాక్యంలో చెప్పేసింది. సెలవు దొరికి ఊరు వెళ్లినవాళ్లు కూడా ఇది ఆలోచించాలి. రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లి, పగలంతా ఫోనులో పలకరింపులకు జవాబులు పంపుతూ కూర్చుంటే, కుర్చీ నిండినట్టు కనిపిస్తుందే తప్ప అమ్మకు కబుర్లు చెప్పేవాళ్లు లేనట్టే.

వెళ్లలేనివాళ్ల సంగతేమిటి? వారికి మేము చెప్పే మొదటి మాట, నేరం చేసినట్టు కుమిలిపోవద్దని. మొట్టమొదటి క్రిస్మస్ వార్త ఎవరికి అందింది? రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు! ఊరంతా నిద్రపోతుంటే పొలంలో మంద కాస్తున్న కాపరులకు. వాళ్లు ఇళ్లలో భార్యాపిల్లలతో లేరు, పనిలో ఉన్నారు. దేవదూత వాళ్లను మందిరానికి రమ్మని పిలవలేదు, వాళ్లు ఉన్నచోటికే వెళ్లాడు. డిసెంబరు 25 తెల్లవారుజామున నాలుగున్నరకు మా వేకువ ఆరాధనలో మొదటి పాట అందుకునే సమయానికి న్యూయార్క్‌లో ఇంకా 24 సాయంత్రం ఆరు గంటలే. అక్కడి కుటుంబాలు పండుగ విందుకు కూర్చునే వేళ. ఆ వేళ అక్కడి ఆసుపత్రుల, బ్యాంకుల, విమానాల కంప్యూటర్లు ఆగిపోకుండా చూస్తున్నవాళ్లలో గచ్చిబౌలిలో మెలకువగా ఉన్న మన పిల్లలూ ఉన్నారు. ఒకరి కుటుంబ విందు నిశ్చింతగా సాగడానికి మరొకరు తమ విందును వదులుకోవడం చిన్న సేవ కాదు. అయితే పై అధికారుల్లో ఉన్న విశ్వాసులకు ఒక మనవి. ప్రతి ఏడూ అదే వ్యక్తికి, ముఖ్యంగా పెళ్లికాని కుర్రవాళ్లకే, ‘నీకేం, కుటుంబం లేదుగా’ అంటూ పండుగ డ్యూటీ వేయడం న్యాయం కాదు. వాళ్లకూ తల్లి ఉంది.

రాత్రి డ్యూటీ వాళ్ల కోసం మా సంఘంలో 25 సాయంత్రం కూడా ఒక ఆరాధన పెడుతున్నాం. మొదట్లో పెద్దలు కొందరు ‘క్రిస్మస్ ఆరాధన వేకువనే కదా’ అన్నారు. కాపరులు పిల్లవాణ్ణి చూసింది వాళ్ల డ్యూటీ మధ్యలో కదా అంటే నవ్వి ఊరుకున్నారు.

ఈ ప్రాంతపు సంఘాల్లో మరొక రకమైన విశ్వాసులున్నారు. వారి విషయం సున్నితమైనది, కాని దాటేయకూడనిది. తమ కుటుంబంలో తామొక్కరే క్రీస్తును నమ్ముకున్నవారు. కాలేజీలోనో, ఉద్యోగంలో చేరాకనో విశ్వాసంలోకి వచ్చినవారు. అందరూ ‘కుటుంబంతో క్రిస్మస్’ అంటుంటే వీరికి గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. ఫోనులో అమ్మకు ‘హ్యాపీ క్రిస్మస్’ చెప్పాలా, వద్దా అని తటపటాయిస్తారు. జనవరిలో ‘సంక్రాంతికి ఇంటికి వెళ్లొచ్చా అయ్యగారూ?’ అని మెల్లగా అడుగుతారు. వెళ్లమనే చెబుతాం! అమ్మ చేతి అరిసె తినడానికి ఏ పాదిరి అనుమతీ అక్కరలేదు. మనస్సాక్షికి అడ్డమొచ్చేది ఏదైనా ఉంటే దాని గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8 నుండి 10 అధ్యాయాల్లో ఓపికగా చర్చించాడు. దాన్ని చదువుకుని, అమ్మానాన్నలతో మర్యాదగా, కంఠం పెంచకుండా మాట్లాడవచ్చు. విశ్వాసం పేరుతో కన్నవారిని తెంచుకుని రమ్మని మేము ఎవరికీ బోధించలేదు, బోధించం.

యేసుప్రభువు సొంత ఇంట్లోనే ఆయన సహోదరులు ఆయనను నమ్మలేదని యోహాను దాపరికం లేకుండా రాశాడు (7:5). ప్రభువు వాళ్లతో తగవు పెట్టుకున్నాడా? లేదు. పునరుత్థానుడయ్యాక యాకోబుకు కనబడ్డాడు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయానికి వచ్చేసరికి తల్లి, సహోదరులు శిష్యులతో కలిసి ప్రార్థనలో ఉన్నారు. అదే యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. దేవుని కుమారుని కుటుంబానికే అన్ని సంవత్సరాలు పట్టింది, మన కుటుంబాలకు ఒక్క డిసెంబరులో ఎలా తెములుతుంది? ఈ క్రిస్మస్‌కు అమ్మానాన్నలను హైదరాబాదు రమ్మని పిలవండి. వాళ్లు మాంసం ముట్టనివాళ్లయితే ఆ పూట ఇంట్లో బిర్యానీ మానేసి పులిహోర, బొబ్బట్లు చేయండి. వాళ్లకు ప్రసంగం చేయవద్దు. అన్నం పెట్టండి చాలు.

ఇక కుటుంబం అన్న మాటే గాయంగా మిగిలినవాళ్లున్నారు. విడాకులైనవాళ్లు, జీవిత భాగస్వామిని కోల్పోయినవాళ్లు, పిల్లలు అమెరికాలో ఉండి వీసా చిక్కుల వల్ల రాలేకపోతుంటే గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటులో ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులు, తెలియని ఊరికి వచ్చి మాదాపూర్ పీజీ హాస్టల్లో గదికి ముగ్గురుగా ఉండే కొత్త ఉద్యోగులు. పండుగ రోజు హాస్టల్లో వంటవాడు కూడా ఊరెళ్లిపోతాడు! వాళ్లు నూడుల్స్ వండుకుని పడుకుంటారు. ఏకాకులకు దేవుడు ఇల్లు కూర్చుతాడని 68వ కీర్తన చెబుతుంది. ఎలా కూర్చుతాడు? ఆకాశం నుండి ఇల్లు దిగదు. ఎవరిదో ఒక ఇంటి తలుపు తెరుచుకోవాలి. సిలువ మీద ప్రాణం పోతున్న సమయంలో ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకువెళ్లాడని యోహాను 19వ అధ్యాయంలో ఉంది. రక్తసంబంధం లేని ఇద్దరు ఆ సిలువ దగ్గర తల్లీకొడుకులయ్యారు. సంఘం ఒక కుటుంబమని ప్రతి ఆదివారం చెబుతాం, కానీ బల్ల మీద కంచాలు లెక్కపెట్టినప్పుడే అది నిజమో కాదో తెలుస్తుంది.

మన అపార్టుమెంటులోనే ఇంకొక కుటుంబం ఉంది, తరచుగా మనం చూడం. సెల్లార్‌లో, మెట్ల కింద, కార్ల పక్కన ఒక గదిలో వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉంటుంది. చీర కట్టిన ఊయలలో చంటిబిడ్డ పడుకుని ఉంటుంది, పక్కనే కార్లు పొగ వదులుతుంటాయి. పశువుల పక్కన తొట్టెలో పడుకున్న శిశువు గురించి పాడి, కళ్లు తుడుచుకుని, లిఫ్టులో సెల్లార్‌కు దిగి ఆ ఊయల పక్కనుంచే మనం కారు తీస్తాం. వాళ్లు పాలమూరు నుండి వచ్చారా, శ్రీకాకుళం నుండి వచ్చారా, ఒడిశా నుండి వచ్చారా, పేరేమిటి? క్రైస్తవులా కాదా అని మాత్రం అడగకండి. కాపరుల కులగోత్రాలు లూకా కూడా రాయలేదు. ఆ రోజు మనకు బిర్యానీ తెచ్చే డెలివరీ కుర్రవాడికి, రాత్రి డ్యూటీ ఆడపిల్లలను ఇంటి దగ్గర దించే క్యాబ్ డ్రైవరుకు, పండుగ రోజు కూడా ఆఫీసు అద్దాలు తుడిచే అమ్మకు కూడా ఇళ్లున్నాయి. వాళ్ల చేతిలో మిగిలిన కేకు ముక్క పెట్టడం దానం. కొయ్యకముందే వాళ్ల వాటా తీసి పెట్టడం వేరు.

కిందటి సంవత్సరం మా సంఘంలో ఒక ఏర్పాటు చేశాం. 25 మధ్యాహ్నం భోజనానికి ఎవరినైనా ఇంటికి పిలవగలిగిన కుటుంబాలు ఒక కాగితం మీద, ఊరు వెళ్లలేనివాళ్లు మరొక కాగితం మీద పేర్లు రాయమన్నాం. పిలుస్తామన్న కుటుంబాలు పద్నాలుగు. వస్తామన్నవాళ్లు ఆరుగురే! ఒంటరివాళ్లు తక్కువ కనుక కాదు. పిలవడానికి పెద్ద మనసు చాలు. వెళ్లడానికి మాత్రం సిగ్గు చంపుకోవాలి. ‘పండుగ పూట వాళ్లింట్లో నేనెందుకు’ అని ఆగిపోయినవాళ్లు చాలామందని తరువాత తెలిసింది. అందుకే ఈసారి పేర్లు రాయించడం లేదు. ఎవరు ఎవరిని పిలవాలో ఆ కుటుంబమే చూసుకుని, ముఖాముఖి అడగాలని నిర్ణయించాం. పిలిచేవారికి ఒక చిన్న సూచన కూడా ఇచ్చాం. వచ్చినవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి టీవీ పెట్టి, కూల్ డ్రింక్ ఇచ్చి మర్యాదలు చేయకండి. అలా చేస్తే అరగంటలో లేచి వెళ్లిపోతాడు. వంటింట్లోకి తీసుకెళ్లి కత్తిపీట, ఉల్లిపాయలు వాడి ముందు పెట్టండి.